రెండు చిటికెలు, ఒక గీత

కప్ప పిలిస్తే వినిపిస్తుంది గానీ కట్టుకున్నది పిలిస్తే వినిపించదని మా పెద్దమ్మ మా పెదనాన్న గురించి కనిపించిన వాళ్లందరికీ చెబుతూ ఉండేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. తన చెవుల గురించి ఎవరేమన్నా ఆయనకు కోపం వచ్చేది కాదు. వాటి మీద ఆయనకు అంత నమ్మకం.

పెదనాన్న బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేశాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను నడుస్తున్న ఇంజను మీద పెట్టి, పిడికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడట. కాసేపటికి లేచి, "మూడో సిలిండరు, టాపెట్టు" అనేవాడట. విప్పి చూస్తే అదే. డిపోలో ఆయన పేరు స్టెతస్కోప్. కొత్తగా చేరిన డ్రైవరు ఒకతను అదే అసలు పేరనుకుని సెలవు చీటీ మీద 'స్టెతస్కోప్ గారికి' అని రాసి ఇచ్చాడని పెద్దమ్మ ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది.

నేను వాళ్లింట్లోనే పెరిగాను. నాన్న నా చిన్నప్పుడే పోతే అమ్మా నేనూ ఇక్కడికే వచ్చేశాం. అమ్మకు కీళ్లు పట్టేసి లేవలేని స్థితి వచ్చినప్పుడు పదో తరగతితో నా చదువు ఆగింది. అమ్మను నాలుగేళ్లు చూసుకున్నాను. ఆమె పోయేసరికి నా తోటివాళ్లందరూ ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు, నాకంటే చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి సిగ్గేసింది. నేను ఎక్కువగా మాట్లాడను. పెద్దమ్మ నన్ను "మూగమ్మా" అని పిలుస్తుంది, ప్రేమగానే.

పెదనాన్నకు కప్పలతో పరిచయం ఇరవై ఏళ్ల కిందట ఒక జనరేటరు వల్ల కలిగింది. ఊరి చివర, కొండ మొదట్లో, పాములు, తొండలు, తాబేళ్లు, కప్పల మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి ఉంది. అక్కడి జనరేటరు మొరాయిస్తే ఎవరో ఈయన పేరు చెప్పారు. సెలవు రోజు వెళ్లి బాగుచేసి, చేతులు తుడుచుకుంటూ వస్తుంటే ఒక గదిలోంచి కప్ప అరుపులు వినిపించాయట. లోపల, అక్కడ కప్పల మీద పరిశోధన చేసే మేడం టేపురికార్డరు ముందు కూర్చుని, ఒకే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పి వింటూ, కాగితం మీద గీతలు పెడుతూ తంటాలు పడుతున్నారు. అప్పటికి ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరారు.

గుమ్మంలోనే నిలబడి విన్న పెదనాన్న ఉండబట్టలేక, "రెండూ ఒకే బండి కదండీ? కాకపోతే ఆ రెండోది వేడెక్కి ఉంది" అన్నాడట.

మేడం తలెత్తి చూసి, రెండు టేపుల మీదా రాసి ఉన్న అంకెలు చూశారు. రెండూ ఒకే జాతి కప్పవి. మొదటిది ఇరవై ఒక్క డిగ్రీల చలిలో అరిచింది. రెండోది ఇరవై ఏడు డిగ్రీల్లో.

"మీకెలా తెలిసింది?" అని అడిగారట.

"ఇంజను వేడెక్కితే ఐడ్లింగు పెరుగుతుంది, నిలబడ్డచోటే జోరుగా కొట్టుకుంటుంది కదండీ. వీడి గొంతు కూడా గబగబా కొట్టుకుంటోంది."

మేడం ఇంకో పది టేపులు వేశారు. పెదనాన్న పదింటికీ వేడి చెప్పాడు. ఎక్కడా ఒక్క డిగ్రీకి మించి తేడా రాలేదు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే పెద్దమ్మతో అన్న మాటను ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. "మనకి లోపల పొయ్యి ఉందే. బయట మంచు కురిసినా లోపల మనం మనమే. వాటికి ఆ పొయ్యి లేదు. బయట ఎంత ఉంటే లోపలా అంతే. నీళ్లెంత వేడో అంత వేగంగా పాడతాయి. దాని పాటే ధర్మామీటరు!"

దానికి పెద్దమ్మ, "సరే, ముందు కాళ్లు కడుక్కోండి" అన్నదట.

అప్పటినుంచి సెలవు రోజుల్లో, రిటైరయ్యాక రోజూ, ఆయన ఆ కేంద్రానికి వెళ్లేవాడు. కొండ మీదినుంచి దిగే వాగు పొడుగునా చెట్లకు రికార్డర్ పెట్టెలు కట్టి ఉంటాయి. పైవాగు దగ్గర నాలుగు, కిందివాగు దగ్గర నాలుగు. అవి రాత్రిపూట వాటంతట అవే కప్పల అరుపుల్ని పట్టుకుంటాయి. పొద్దున్న పెదనాన్న వాటిని విని, ఏ కప్ప, ఎన్నిసార్లు, ఎంత వేడిలో అరిచిందో చెప్పాలి. పెట్టెలో ధర్మామీటరు కూడా ఉంటుంది గానీ, ఆయన ముందు తన అంకె చెప్పి తర్వాతే దాన్ని చూసేవాడు. అది ఆయన పంతం.

నేను మొదట క్యారేజీ ఇవ్వడానికి వెళ్లేదాన్ని. ఆయన తినేదాకా మూల స్టూలు మీద కూర్చునేదాన్ని. ఒకరోజు, "ఎలాగూ కూర్చున్నావు కదా తల్లీ, నేను చెప్పింది రాయి. నా రాత నాకే అర్థం కావడం లేదు" అన్నాడు. ఆ రోజునుంచి ఆయన కుర్చీలో, నేను స్టూలు మీద. తర్వాత నాకూ ఒక జత హెడ్‌ఫోన్లు తగిలించాడు.

ఆ గది చాలా చిన్నది. ఒక బల్ల, ఒక కిటికీ, గోడల నిండా పాత టేపుల అలమారాలు. పక్కగదిలో తాబేలు గుడ్లు పొదిగే పెట్టెలు ఉండేవి. ఒకరోజు అక్కడ తుడిచే ఆమె లోపలికి పిలిచి చూపించింది. పక్కపక్కనే రెండు పెట్టెలు, రెండింటిలోనూ తెల్లటి గుడ్లు. పైకి ఏ తేడా లేదు. ఒకదాని అద్దం మీద ఇరవై ఎనిమిది, రెండోదాని మీద ముప్పై ఒకటి అని అంకెలు వెలుగుతున్నాయి.

"ఇందులోవన్నీ మగపిల్లలు. అందులోవన్నీ ఆడపిల్లలు" అంది ఆమె, తను చేసిన పనే అన్నట్టు. "తల్లి నిర్ణయించదు, తండ్రి నిర్ణయించడు. ఆ మూడు డిగ్రీలు నిర్ణయిస్తాయి."

నేను నా చేతిని మొదటి పెట్టె అద్దానికి ఆనించాను, తర్వాత రెండోదానికి. నా చెయ్యి ఏ తేడా కనిపెట్టలేకపోయింది. నా చేతికి అందని తేడాలో ఒక జీవి ఆడో మగో అయిపోతోంది. ఆ రోజంతా నాకు ఆ అంకెలే కళ్లముందు ఆడాయి.

కప్పల్లో పెదనాన్నకు ప్రాణమైనవాడు ఒకడున్నాడు. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దగా ఉంటాడు. పుస్తకాల్లో వాడికి నోరు తిరగని పేరుంది. పెదనాన్న వాడికి చిటికెగాడని పేరు పెట్టాడు. రెండు చిటికెలు వేసినట్టు టిక్, టిక్ అని, తర్వాత సన్నగా ఒక గీత గీసినట్టు ట్రీ అంటాడు. ఎక్కువ వేడికి తట్టుకోలేని రకమని మేడం చెప్పేవారు. వాగులో వేడి పెరుగుతున్న కొద్దీ మొదట పోయేది వీడేనని అందరూ భయపడేవారు.

కప్పల్ని గుర్తుపట్టడం పెదనాన్న నాకు ఇలా నేర్పాడు. "గొంతు చూడకు తల్లీ. గొంతు జలుబు చేసినా మారుతుంది. నడక చూడు. వేడికి వాడు పరిగెత్తొచ్చు, చలికి ఈడ్చుకుంటూ నడవచ్చు. కానీ నడక వాడిదే. రెండు చిటికెలు, ఒక గీత. అది మారదు."

అయిదేళ్లుగా కిందివాగులో చిటికెగాడి లెక్క తగ్గుతూ వచ్చింది. కిందివాగు బాగా వేడెక్కింది. పైవాగు ఇంకా చల్లగానే ఉంది, అక్కడ వాడు క్షేమంగా ఉన్నాడు. మేడం గీసిన పటంలో కిందివాగు గీత ఏడాదికో మెట్టు దిగుతూ వచ్చి, ఆ వానాకాలం సున్నాకు చేరింది. మూడు వారాలు విన్నా ఒక్క అరుపు లేదు. అరుపుల్ని గుర్తుపట్టడానికి మేడం రెండేళ్ల కిందట తెచ్చిన కంప్యూటరు కూడా లేదనే అంది. నెలాఖరుకు, 'కిందివాగులో ఈ కప్ప అంతరించింది' అని మేడం రాసి పై ఆఫీసుకు పంపాలి. అక్కడి నాలుగు పెట్టెలూ విప్పేసి కొండ పైకి మార్చేస్తారు. ఇక అక్కడ ఎవరూ వినరు.

మేడం ఆ మాట చెప్పిన రోజు పెదనాన్న క్యారేజీ విప్పలేదు. "వెళ్లిపోయాడమ్మా" అన్నాడు, ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు.

నేను పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను. ఎందుకంటే నాకు వాడు వినిపిస్తున్నాడు.

మొదట పురుగనుకున్నాను. కీచురాళ్ల రొద మధ్య, చాలా పైన, దారప్పోగంత సన్నగా. కానీ పురుగులు ఆగకుండా అరుస్తాయి. ఇది ఆగుతోంది. టిక్, టిక్, ట్రీ. ఆగి, మళ్లీ టిక్, టిక్, ట్రీ. తండ్రి పాటను చంటిపిల్లాడు ఎత్తుకున్నట్టు ఉంది. నడక వాడిదే, గొంతు వాడిది కాదు. వినిపించినప్పుడల్లా నోటుబుక్కు అంచున పెన్సిలుతో ఒక చుక్క పెట్టాను. మూడు వారాల్లో ఆ అంచులన్నీ చుక్కలతో నిండిపోయాయి. ఆయన కళ్లకు అవి ఆనవు.

నాకు తెలిసిన సంగతులు ఇంకా ఉన్నాయి. ఇంట్లో కుక్కరు కూత పెడుతుంటే పెదనాన్న దాని పక్కనే నిలబడి పేపరు చదువుతాడు. చేతి గడియారం అలారం కీచుకీచుమంటే నేనే ఆపుతాను. పెద్దమ్మ అది పెళ్లాం మాటకు మాత్రమే వచ్చే చెవుడనుకుంటుంది. గడియారం కూడా పెళ్లామేనా?

కిందివాగు ఖాళీ అని ఆయన మాట మీదే రాయబోతున్నారు. ఆ మాట తప్పని చెప్పడమంటే, స్టెతస్కోప్ చెవులు పోయాయని చెప్పడమే. చెప్పకపోతే, బతికున్నవాణ్ని చచ్చాడని రాయడం. నెలాఖరు తొమ్మిది రోజుల్లో ఉంది.

పెద్దమ్మతో చెప్పాను. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను అంతసేపు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. మొత్తం విని, చేతిలో ఉన్న చొక్కాను మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"అయితే నేను పిలిచినప్పుడు..." అంది.

"నిజంగానే వినిపించడం లేదేమో పెద్దమ్మా. నీ గొంతు కూడా సన్నం కదా."

ఆమె మడిచిన చొక్కాను దొంతర మీద పెట్టింది. తర్వాత, "ఆ మాట నువ్వే చెప్పు. వేరేవాళ్ల నోట వింటే ఆయన తట్టుకోలేడు" అంది. దాన్ని చేత్తో నిమురుతూ, "ఎన్నేళ్లు తిట్టానే నేను!" అంది.

మర్నాడు గదిలో ఇద్దరం హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాం. కిందివాగు రెండో పెట్టె. వాడు అరిచాడు. నేను పెన్సిలు వెనకవైపుతో బల్ల మీద రెండుసార్లు కొట్టి, ఒక గీత లాగాను. వాడు మళ్లీ అరిచాడు. మళ్లీ కొట్టాను.

పెదనాన్న నా చేతివంక చూశాడు. "ఏంటది?"

"వాడే పెదనాన్నా."

"ఎవడు?"

"చిటికెగాడు. ఇప్పుడు అరుస్తున్నాడు. ఇదిగో, మళ్లీ."

ఆయన హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదిమిపెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నేను కొడుతూనే ఉన్నాను. ఆయన కళ్లు తెరిచి దాన్ని ఆపేశాడు. పైవాగు రికార్డింగు పెట్టాడు. అందులో చిటికెగాడు గట్టిగా, గుండ్రంగా పలికాడు.

"ఇది వినిపిస్తోందిగా నాకు? శుభ్రంగా వినిపిస్తోంది. నా చెవికేం రోగం?" అన్నాడు. "కంప్యూటరు కూడా లేదంది. నీకొక్కదానికే వినిపిస్తున్నాడా వాడు? చెప్పు!"

ఆయన నామీద గొంతు పెంచడం అదే మొదటిసారి. నేను తలవంచుకున్నాను. "మీరే అన్నారుగా, గొంతు చూడకు, నడక చూడమని" అన్నాను. నాకే సరిగా వినిపించనంత చిన్నగా అన్నాను. ఆయనకు వినిపించిందో లేదో తెలియదు. ఆ సాయంత్రం, ఆ మర్నాడు, ఆయన నాతో మాట్లాడలేదు.

ఆదివారం వాన పడింది. మధ్యాహ్నానికి తెరిపిచ్చినా మబ్బు విడవలేదు. చీకటి పడ్డట్టుగా ఉంది. అలాంటి మబ్బులో కప్పలు పగలే అరుస్తాయి. పెదనాన్న గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ, నావైపు చూడకుండా, "ఇంజను విప్పకుండా గొడవపడకూడదు. పద" అన్నాడు.

"ఈ వానలో ఆ పిల్లనెక్కడికి తీసుకెళ్తున్నారు?" అని పెద్దమ్మ లోపల్నుంచి అడిగింది. ఆయన పలకలేదు. ఆమె అలవాటుగా నోరు తెరిచి, ఆగి, బయటికొచ్చి, ఆయన ఎదురుగా నిలబడి అదే మాట నెమ్మదిగా అడిగింది.

"కప్పను వెతకడానికి" అన్నాడు.

"అయితే గొడుగు తీసుకెళ్లండి" అంది ఆమె.

కిందివాగు గట్టున తడి ఆకులు, నాచు పట్టిన గుండ్రాళ్లు. మోకాళ్ల మీద వంగి నడిచాం. చుట్టూ అరుపులే. బొంగురు కప్పలు, కీచురాళ్లు, నీళ్ల చప్పుడు. నేను తలను అటూ ఇటూ తిప్పుతూ, ఆ దారప్పోగును పట్టుకుని వెళ్తున్నాను. పెదనాన్న నా వెనకే, నా తల ఎటు తిరిగితే అటు తిరుగుతూ వస్తున్నాడు. ఒక రాయి దగ్గర ఆగి వేలు చూపించాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని, చిన్న టార్చి వేసి, నేల మీద బోర్లా పడుకున్నంత పని చేశాడు.

రాయి అంచున, తడి ఆకు కింద, వాడు ఉన్నాడు. నా చిటికెనవేలి గోరంత ఉన్నాడు. ఆకు నీడలో ఇంకో ఆకు తునకలా ఉన్నాడు. మేము కదలకుండా ఉంటే కాసేపటికి వాడి గొంతు కింద సబ్బునురగ బుడగలాంటిది ఉబ్బింది. ఉబ్బి తగ్గింది, ఉబ్బి తగ్గింది, తర్వాత ఉబ్బి అలాగే సన్నగా వణుకుతూ నిలిచింది.

నాకు చెవులు గింగురుమన్నాయి. అంత చిన్న ఒంట్లోంచి అంత శబ్దం! పెదనాన్న మొహానికీ వాడికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆయనకు ఏమీ వినిపించలేదు. ఆ సంగతి ఆయన మొహం చూస్తే తెలిసింది. ఇరవై ఏళ్లు వాడి పాటతో బతికిన మనిషి, వాడు తన కళ్లముందు గొంతెత్తి పాడుతుంటే, మూసిన అద్దం కిటికీలోంచి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

తర్వాత ఆయన కుడిచేతి చూపుడువేలు కదలడం మొదలైంది. తడి రాతి మీద రెండుసార్లు తట్టి, ఒక గీత లాగింది. బుడగ ఉబ్బినప్పుడల్లా వేలు. వాడూ ఆయనా కలిసి కొడుతున్నట్టుంది. అలా ఎంతసేపు చూశాడో తెలియదు. నా మోకాళ్లు తిమ్మిరెక్కాయి.

"ఇరవై ఎనిమిది" అన్నాడు.

ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆయన జేబులోంచి చిన్న ధర్మామీటరు తీసి ఆ ఆకు పక్కన తడిలో ఆనించి, నాకు ఇచ్చాడు. వేళ్ల వేడి తగలకుండా కొస పట్టుకుని చూశాను. ఇరవై ఎనిమిది.

ఆయన చెవితో కాదు, కంటితో విన్నాడు. ఒక బుడగ ఉబ్బి తగ్గే వేగంలోంచి నీళ్ల వేడిని చదివేశాడు. ఆ క్షణంలో నాకు కప్పను చూసి ఆశ్చర్యపోవాలో, మా పెదనాన్నను చూసి ఆశ్చర్యపోవాలో తెలియలేదు.

"నడక వాడిదే తల్లీ" అన్నాడు. బురద అంటిన చేత్తో నా తల మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పిన రోజు నేను విన్లేదు. అదీ చెవుడే" అన్నాడు.

సోమవారం పొద్దున్న మేడం గదికి ఆయనే వెళ్లాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"మేడం, ఆ కాగితం పంపకండి. వాగు ఖాళీ కాలేదు. ఖాళీ అయింది నా చెవి."

మేడం కుర్చీలోంచి లేచారు. ఆయన నోటుబుక్కులన్నీ బల్ల మీద పెట్టి, ముందురోజు రాత్రి ఇంట్లో నేను ఆయనకు చెప్పిన అంచుల్లోని చుక్కలు చూపించాడు. "ఈ చుక్కలు మా అమ్మాయివి. అంకెలు నావి. అంకెలు కొట్టేయండి, చుక్కలు ఉంచండి."

మేడం కంప్యూటరు తెరిచి, శబ్దాన్ని బొమ్మగా చూపించే తెర పెట్టారు. కింద బొంగురు కప్పల మందపాటి గీతలు. పైన ఒక హద్దు గీత. ఆ హద్దుకు పైనున్న సన్న శబ్దాలన్నీ పురుగులవని, లెక్కలోకి తీసుకోవద్దని కంప్యూటరుకు ఆమే చెప్పారట. ఆ హద్దు ఎక్కడ పెట్టాలో పెదనాన్న గుర్తించిన పాత అరుపుల్ని బట్టే నిర్ణయించారట. ఇప్పుడు ఆమె ఆ హద్దును తీసేశారు. పైన చీకట్లో, రెండు చుక్కలు, ఒక గీత. రెండు చుక్కలు, ఒక గీత. తెర పొడుగునా.

మేడం నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. "దానికి చెవులు నేర్పింది మీరే కదా పెద్దాయనా. హద్దు గీసింది నేను" అన్నారు.

తర్వాత వారం రోజులు అందరం కిందివాగులోనే ఉన్నాం. దొరికిన చిటికెగాళ్లను ఒక్కొక్కణ్ని కొలిచి, తూచి, ఎక్కడివాణ్ని అక్కడే వదిలాం. తూచేలోపు ఒకడు మేడం మణికట్టు మీదికి, ఇంకొకడు నా జడ మీదికి దూకాడు. "కప్పల తక్కెడ అంటే ఏమిటో ఇన్నాళ్లకి తెలిసింది" అని పెదనాన్న నవ్వాడు. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచివచ్చింది.

ఇరవై ఏళ్ల కిందట కిందివాగులో కొలిచినవాటికంటే ఇవి నాలుగు మిల్లీమీటర్లు పొట్టివి. వేడి నీళ్లలో తోకకప్పలు తొందరగా కాళ్లు తెచ్చుకుని బయటికి వచ్చేస్తాయని మేడం చెప్పారు. తొందరగా పెద్దవవుతాయి గానీ, పెద్దగా అవవు. ఒళ్లు చిన్నదైతే గొంతు సన్నం. చల్లటి పైవాగులో ఉన్నవాడు మాత్రం పాత ఒంటితో, పాత గొంతుతోనే ఉన్నాడు. కిందివాడు చచ్చిపోలేదు. వేడితో రాజీపడి, కుదించుకుని, పాటను మాత్రం వదలకుండా బతుకుతున్నాడు. ఎన్నాళ్లు అలా సర్దుకోగలడో తనకు తెలియదని మేడం అన్నారు.

చెవుల డాక్టరు ఇచ్చిన కాగితాన్ని పెదనాన్న మేమిద్దరం వినే గదిలో బల్ల మీద, మేడం ముందు పరిచాడు. ఎడమనుంచి తిన్నగా వచ్చిన గీత కుడివైపున, సన్న శబ్దాల దగ్గర, మెట్లు దిగినట్టు దిగిపోయింది. డిపోలో ముప్పై ఏళ్ల ఇంజన్ల మోత కొంత, వయసు కొంత అన్నారట. మేడం తన పటంలో చిటికెగాడి గొంతు ఏడాదికి ఎంత పైకి వెళ్లిందో గీసి పక్కన పెట్టారు. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకే మెట్ల మీద ఉన్నారు. కప్ప ఎక్కుతోంది, పెదనాన్న దిగుతున్నాడు. ఒకరికొకరు తెలియకుండా, అయిదేళ్ల కిందట ఏదో మెట్టు మీద, ఒకరినొకరు దాటుకుని వెళ్లిపోయారు.

ఆ రెండు గీతల్నీ పెదనాన్న చాలాసేపు చూశాడు. "ఎక్కడ దాటామో తెలియాలి మేడం" అన్నాడు. "ఏ నెల, ఏ వాన. అయిదేళ్ల టేపులూ మళ్లీ వినాలి. మంచి చెవి కావాలి."

మేడం ఏదో అనబోయేలోపే ఆయన వచ్చి తన మెడలోని హెడ్‌ఫోన్లు తీసి నా మెడలో వేశాడు. ఆయన చెవుల దగ్గర అరిగిపోయిన ఆ మెత్తలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. తర్వాత తన కుర్చీని నావైపు జరిపి, తను వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. స్టూలు కిర్రుమంది. అది ఆయనకు వినిపించినట్టుంది, నవ్వాడు.

"చెప్పు. నేను రాస్తాను. నా రాత నీకు అర్థం కాకపోతే నీ ఖర్మ."

ఇప్పటికి నాలుగు నెలలైంది. ఇంట్లో పెద్దమ్మ ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడుతుంది. డాక్టరు చెవికి మిషను పెట్టుకోమన్నాడు. పెట్టుకున్న మొదటిరోజు కుక్కరు కూతకు పెదనాన్న ఉలిక్కిపడి పేపరు వదిలేస్తే, పెద్దమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పనిలో మాత్రం ఆయన ఆ మిషను పెట్టుకోడు. నా చేతిని చూస్తాడు. నేను విన్నది బల్ల మీద తడతాను, ఆయన ఆ తట్టడంలోంచి వేడి చెబుతాడు. తర్వాత నేను నా చెవితో చెబుతాను. ఆ తర్వాతే పెట్టెలోని ధర్మామీటరు చూపిన అంకె చూస్తాం.

నిన్న నాలుగేళ్ల కిందటి ఒక వాన రాత్రి టేపు విన్నాం.

"ఇరవై ఆరు" అన్నాను.

ఆయన నా వేళ్లవంక చూస్తూ, "ఇరవై ఆరున్నర" అన్నాడు.

ఆ రాత్రి ధర్మామీటరు అంకె రాసి ఉన్న కాగితం చూశాం. ఇరవై ఆరున్నర.

"ఆ అర ఎక్కడ పారేసుకున్నావు?" అన్నాడు, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ. "వెనక్కి తిప్పు. వెతుకుదాం."